అసెట్టో కోర్సాలో కారుకు సొంత ముస్తాబు: రంగు, మెరుపు, తెలుగు అక్షరాలు, నంబర్ ప్లేటు దాకా

రేసింగ్ గేముల్లో కొత్త కారు చేతికి రాగానే చాలామంది ముందు వెళ్లేది ట్రాక్ మీదికి కాదు, గ్యారేజీలోకి. 2003లో నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ వచ్చినప్పటి నుంచి ఈ అలవాటు మనలో పాతుకుపోయింది. వినైల్ స్టిక్కర్లు అంటించడం, రిమ్ములు మార్చడం, అద్దాలకు రంగు వేయడం ఆటలో సగం ఆనందం. నిజం డ్రైవింగును అనుకరించే సిమ్యులేషన్ గేముల్లో ఆ ఆనందం తక్కువ. ఇటలీకి చెందిన కునోస్ సిములాజియోనీ సంస్థ 2014 డిసెంబరులో పూర్తిస్థాయిలో విడుదల చేసిన అసెట్టో కోర్సానే తీసుకోండి. స్టీరింగ్ పట్టుకుంటే నిజం కారే అనిపిస్తుంది, కానీ ముస్తాబు విషయానికొస్తే ముందే సిద్ధం చేసిపెట్టిన కొన్ని స్కిన్లే (కారుకు తొడిగే రంగు, బొమ్మల రూపాలే) దిక్కు. లోపల రంగులు వేసుకునే ఎడిటరే లేదు.

అయితే పీసీలో ఆ గేమ్ తన ఫోల్డర్లను దాచుకోలేదు. ఏ ఫైల్ ఎక్కడుందో తెలిస్తే ఒక్క కారుకు పది కాదు, వంద రూపాలు ఇవ్వొచ్చు. ఈ మార్గదర్శి అందుకే. ఒక కారుకు పునాది ఫైల్ ఒకటి గట్టిగా తయారుచేసుకుని, దాని నుంచి ఎన్ని రకాలైనా తీసుకునే పద్ధతి చెబుతాను. మొదటిసారి ఒక రోజు పడుతుంది. ఆ తర్వాత ఒక్కో కొత్త రూపానికి అరగంట చాలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. కారు అందం రంగులో కన్నా ఆ రంగు వెలుతురుకు ఎలా స్పందిస్తుందన్న దాంట్లో ఎక్కువ ఉంటుంది. కొత్తవాళ్లు చేసిన స్కిన్లు ప్లాస్టిక్ బొమ్మల్లా కనిపించడానికి కారణం రంగు ఎంపిక కాదు, మెరుపును పట్టించుకోకపోవడం. అందుకే ఈ గైడ్‌లో ఆ భాగానికే ఎక్కువ చోటిచ్చాను.

ముందు సరంజామా

గేమ్ పీసీ వెర్షన్ ఉండాలి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వెర్షన్లలో ఇవేవీ కుదరవు. దానితోపాటు కంటెంట్ మేనేజర్ అనే ఉచిత లాంచర్, కస్టమ్ షేడర్స్ ప్యాచ్ వేసుకోండి. మొదటిది స్కిన్లను చూడటానికి, సర్దడానికి. రెండోది గేమ్ గ్రాఫిక్స్‌కు కొత్త శక్తి ఇచ్చేది. బొమ్మలు గీయడానికి ఫోటోషాప్ ఉంటే మంచిదే, లేకపోతే ఉచితంగా దొరికే జింప్ సరిపోతుంది. లోగోలకు, అక్షరాలకు ఇంక్‌స్కేప్. చివర్లో గేము చదివే డీడీఎస్ అనే బొమ్మ ఫైలుగా మార్చడానికి పెయింట్ డాట్ నెట్ చాలా సులువు.

మొదటి ప్రయత్నానికి గేముతోపాటే వచ్చే చిన్న రోడ్డు కారు ఎంచుకోండి. అబార్త్ 500 లాంటిది చక్కగా సరిపోతుంది. ఎవరో తయారుచేసి గేముకు జోడించే మాడ్ కార్లలో టెక్స్చర్ల (కారు ఉపరితలానికి చుట్టే బల్లపరుపు బొమ్మల) అమరిక ఒక్కోసారి గజిబిజిగా ఉంటుంది. వాటి జోలికి తర్వాత వెళ్లొచ్చు.

కారు బట్టలు ఎక్కడుంటాయి

స్టీమ్ లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లో బ్రౌజ్ లోకల్ ఫైల్స్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో కంటెంట్, అందులో కార్స్, అందులో మీ కారు పేరు, అందులో స్కిన్స్. అక్కడ కనిపించే ఒక్కో ఫోల్డరూ ఒక్కో స్కిన్.

ఇక్కడి కిటుకు చాలా సింపుల్. కారు 3డీ మోడల్ ఒకే పెద్ద ఫైల్‌లో ఉంటుంది, దానికి కావలసిన టెక్స్చర్లు కూడా అందులోనే ఉంటాయి. కానీ గేమ్ కారును లోడ్ చేసేటప్పుడు ముందు స్కిన్ ఫోల్డర్‌లోకి తొంగిచూస్తుంది. అదే పేరుతో అక్కడ ఒక ఫైల్ ఉంటే లోపలిదాన్ని పక్కనపెట్టి దీన్ని వాడుతుంది. అంటే బాడీ రంగు ఒక్కటే కాదు, సీటు గుడ్డ, టైరు మీది అక్షరాలు, స్పీడోమీటర్ డయల్, బ్రేకు కాలిపర్ రంగు, ఇలా మోడల్‌లో పేరున్న ప్రతి టెక్స్చరూ మార్చుకోవచ్చు. పేరు మాత్రం అక్షరం కూడా తేడా రాకూడదు. చివర్లో ఉండే డీడీఎస్ అన్న తోకతో సహా.

ఉన్న స్కిన్లలో తెల్లగా, బొమ్మలేమీ లేనిది ఒకటి చూసి ఆ ఫోల్డర్‌ను కాపీ చేసి కొత్త పేరు పెట్టండి. ఖాళీలు లేకుండా చిన్న ఇంగ్లిషు అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్ వాడటం మేలు. అసలు స్కిన్‌ను ఎప్పుడూ ముట్టుకోవద్దు. స్టీమ్ ఫైళ్లను సరిచూసినప్పుడు మీ పనంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఏ ఫైల్ ఏ భాగానిది

కంటెంట్ మేనేజర్‌లో మీ కారు తెరిచి కస్టమ్ షోరూమ్‌లోకి వెళ్లండి. కారు మీద ఎక్కడ క్లిక్ చేస్తే ఆ భాగం పేరు, దాని మెటీరియల్ (పెయింటు, రబ్బరు, గుడ్డ లాంటి ఉపరితల రకం), అది వాడుతున్న టెక్స్చర్ల జాబితా కనిపిస్తాయి. బానెట్, తలుపు, బంపర్, రిమ్ము, సీటు, నంబర్ ప్లేటు, ఒక్కోటీ నొక్కుతూ ఏ భాగానికి ఏ పేరో కాగితం మీద రాసుకోండి. కావలసిన టెక్స్చర్లను అక్కడి నుంచే బయటికి తీసుకోవచ్చు.

గీత గీయడానికి ముందు పరీక్ష షీటు ఒకటి తయారుచేయాలి. బాడీ టెక్స్చర్ ఎంత సైజుందో అంత సైజులో ఖాళీ బొమ్మ తీసుకుని దాన్ని గళ్లుగా విడదీయండి. ఒక్కో గడికి ఒక్కో రంగు, దాని మీద ఒక అక్షరం, ఒక అంకె: క1, క2, ఖ1, ఖ2 అలా. దీన్ని బాడీ టెక్స్చర్ పేరుతోనే సేవ్ చేసి షోరూమ్‌లో కారు చుట్టూ తిరిగి చూడండి. మూడు సంగతులు తేలిపోతాయి.

ఒకటి, బల్లపరుపు బొమ్మలో ఏ చోటు కారు మీద ఎక్కడికి వస్తుందో. తలుపు మీద గ3 కనిపిస్తే మీ నంబరు అక్కడే పెట్టాలి. రెండు, సాగదీత. చదరంగా గీసిన గడి బంపర్ మూలలో పొడుగ్గా సాగి కనిపిస్తే అక్కడ గుండ్రటి లోగో కోడిగుడ్డు అవుతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అక్షరాలు రెండు వైపులా సవ్యంగా ఉన్నాయా, ఒకవైపు తిరగబడ్డాయా? కొన్ని కార్లలో మెమరీ ఆదా కోసం ఎడమ పక్క బొమ్మనే కుడి పక్కకు అద్దంలో చూపినట్టు వాడతారు. అలాంటి కారుకు పక్కల మీద అక్షరాలు రాయలేరు, ఒకవైపు తప్పకుండా తిరగబడతాయి. చారలు, పువ్వులు, నమూనాలకే పరిమితం కావాలి. ఈ సంగతి లోగోలన్నీ అంటించాక కాదు, ముందే తెలియాలి.

పునాది ఫైల్: పొరల అమరిక

ఇప్పుడు జింప్‌లోనో ఫోటోషాప్‌లోనో అసలు పని. కింది నుంచి పైకి పొరలు ఇలా పేర్చుకోండి. అడుగున బాడీ మూల రంగు. దాని మీద పెద్ద ఆకారాలు, చారలు. దాని మీద నమూనాలు. ఆపైన నంబర్లు, అక్షరాలు, లోగోలు. ఆ పైన ప్యానెళ్ల మధ్య సందులు, నీడలు ఉన్న పొర, దీన్ని కింది రంగును నీడల మేరకు ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టాలి. అన్నిటికన్నా పైన ప్యానెళ్ల అంచులు చూపే గీతల పొర, సేవ్ చేసేటప్పుడు దీన్ని ఆపేయాలి.

ఆ నీడల పొర ఎక్కడ దొరుకుతుంది? కారుకు టెంప్లేట్ (పొరలన్నీ ముందే సర్దిపెట్టిన ఫైల్) ఉంటే అందులోనే వస్తుంది. లేకపోతే తెల్ల స్కిన్ టెక్స్చరే నీడల పొర. తెలుపు మీద మల్టిప్లై చేస్తే నీడలు మాత్రమే మిగులుతాయి కాబట్టి అది నేరుగా పనికొస్తుంది. నీడలు లేకుండా ఫ్లాట్‌గా రంగు పూస్తే తలుపు ఎక్కడ ఆగి ఫెండర్ ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియదు.

చార ఒకటి బానెట్ మీద నుంచి బంపర్ మీదికి, అక్కడి నుంచి ఫెండర్ మీదికి వెళ్లాలంటే అసలు తలనొప్పి మొదలవుతుంది. టెక్స్చర్‌లో ఆ మూడూ మూడు చోట్ల, మూడు కోణాల్లో పరుచుకుని ఉంటాయి. ముందు ముతక బ్రష్‌తో గీత గీసి, షోరూమ్‌లో చూసి, అతుకు దగ్గర ఎంత తేడా వచ్చిందో కొలిచి, ఆ తర్వాత నున్నటి గీత వేయండి. వీలైతే చార చివరను ప్యానెల్ సందు దగ్గరే ఆపేయడం తెలివైన పని. అసలు కార్ల మీద రేడియం స్టిక్కర్ అంటించేవాళ్లూ అక్కడే కట్ చేస్తారు, అందుకే అది సహజంగా కనిపిస్తుంది.

రంగు

కునోస్ రోడ్డు కార్లలో చాలావాటికి రంగు పెద్ద బాడీ టెక్స్చర్‌లో ఉండదు. డీటెయిల్ అనే చిన్న టెక్స్చర్ వేరే ఉంటుంది, అసలు రంగు అందులో ఉంటుంది. పెద్ద టెక్స్చర్‌లో రంగులతోపాటు నలుపు తెలుపుల్లో దాగి ఉండే ఆల్ఫా చానెల్ ఈ రెండింటి మధ్య కాపలాదారు. ఆల్ఫా నల్లగా ఉన్నచోట డీటెయిల్ రంగు కలుస్తుంది, తెల్లగా ఉన్నచోట మీరు గీసిన బొమ్మ మాత్రమే ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

ఇది అర్థమైతే పని ఎంతో తేలిక. బాడీ అంతా ఆల్ఫా నలుపు, లోగోలు, అక్షరాల చోట ఆల్ఫా తెలుపు పెట్టుకుంటే, ఆ చిన్న డీటెయిల్ ఫైల్ ఒక్కటి మారిస్తే కారు రంగంతా మారిపోతుంది, లోగోలు చెక్కుచెదరవు. మీ తెల్ల లోగో ఎర్రకారు మీద ఎరుపులో కలిసిపోయిందంటే అక్కడ ఆల్ఫా తెల్లగా చేయడం మరిచారని అర్థం.

పచ్చి తెలుపు, కటిక నలుపు వాడకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను 0 నుంచి 255 దాకా కొలిచే ఆర్‌జీబీలో 255 ఉన్న తెలుపు ఎండలో కళ్లు చెదిరి బాడీ వంపులన్నీ మింగేస్తుంది. 215, 225 ప్రాంతంలో ఆపండి. నలుపు సున్నా దగ్గర కాదు, 15 నుంచి 25 మధ్య. ఎరుపు, నీలం కూడా తెర మీద మీకు నచ్చినదానికన్నా ఒక మెట్టు తగ్గించి వేస్తేనే ట్రాక్ మీద నిజం పెయింటులా అనిపిస్తాయి. రంగుల జత కోసం మన దగ్గరే మంచి నమూనాలున్నాయి. తేలియా రుమాల్‌లో ఎరుపు, నలుపు, తెలుపు మూడే ఉంటాయి. ఆ మూడింటితో వేసిన రేసు కారు ఎంత దూరం నుంచైనా ఇట్టే గుర్తుపట్టేలా ఉంటుంది.

మెరుపు: అసలు విద్య ఇక్కడే

బాడీ మెటీరియల్‌కు మ్యాప్స్ అనే మరో టెక్స్చర్ ఉంటుంది. చూడటానికి వింత రంగుల్లో ఉంటుంది, ఎందుకంటే అది బొమ్మ కాదు, మూడు సూచనల కట్ట. ఎరుపు చానెల్ వెలుతురు తళుకు ఎంత బలంగా ఉండాలో చెబుతుంది. ఆకుపచ్చ చానెల్ ఆ తళుకు సూదిమొనలా ఉండాలా, పొగమంచులా పరుచుకోవాలా అన్నది చెబుతుంది. నీలం చానెల్ చుట్టూ ఉన్న ఆకాశం, చెట్లు కారులో ఎంత ప్రతిబింబించాలో చెబుతుంది.

కాబట్టి మాట్ (మెరుపు లేని) ఫినిష్ కావాలంటే మూడూ బాగా తగ్గించండి, నీలాన్ని దాదాపు సున్నాకు తెండి. శాటిన్ (సగం మెరుపు) కావాలంటే ఎరుపు మధ్యస్థంగా, ఆకుపచ్చ తక్కువగా, నీలం పావు వంతు దగ్గర ఉంచండి. మామూలు గ్లాసీ (నిగనిగలాడే) పెయింటుకు అసలు ఫైల్‌లోని విలువలే సరి. అసలు ఫైల్‌ను మాత్రం చెరిపేయకండి. అందులో సందులకు, రబ్బరు బీడింగులకు, గాలి రంధ్రాలకు విడివిడిగా విలువలు ఇచ్చి ఉంటారు. దాన్ని అడుగు పొరగా ఉంచి, బాడీ ప్యానెళ్ల మీద మాత్రమే మీ మార్పు వేయండి.

మ్యాప్స్ తగ్గించగలవు, పెంచలేవు. ప్రతి చానెల్ విలువా మెటీరియల్‌కు నిర్ణయించిన గరిష్ఠంతో గుణించబడుతుంది. 255 పెట్టినా ఆ గరిష్ఠం దాటదు. అందుకే మ్యాప్స్ ఎంత తెల్లగా చేసినా క్రోమ్ రాదు. క్రోమ్, ముత్యపు మెరుపు, కోణాన్ని బట్టి రంగు మారే పెయింటు కావాలంటే కస్టమ్ షేడర్స్ ప్యాచ్‌ను ఆశ్రయించాలి. స్కిన్ ఫోల్డర్‌లో ఎక్స్‌టెన్షన్ కాన్ఫిగ్ ఫైల్ ఒకటి పెట్టి, ఏ మెటీరియల్‌కు ఏ రకం కార్ పెయింటో అందులో రాస్తే ఆ స్కిన్‌కు మాత్రమే అది వర్తిస్తుంది. ప్యాచ్‌తోపాటు వచ్చే సిద్ధమైన పెయింటు టెంప్లేట్లు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి. ఆట నడుస్తుండగానే మెటీరియల్ విలువలు చూడటానికి ఆబ్జెక్ట్స్ ఇన్‌స్పెక్టర్ అనే యాప్ కూడా అందులో ఉంది.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం చెబుతాను: నలుపు మీద నలుపు పోచంపల్లి. కారంతా ఒకే నలుపు. రంగు టెక్స్చర్‌లో ఏ బొమ్మా లేదు. ఇక్కత్ నమూనాను మ్యాప్స్ ఫైల్‌లో మాత్రమే వేయండి. నేపథ్యం గ్లాసీ, నమూనా శాటిన్. నీడలో కారు ఒట్టి నల్లగా కనిపిస్తుంది. మలుపు తిరిగి సూర్యుడు పక్కకు రాగానే తలుపుల మీద ఇక్కత్ తేలుతుంది, మరో మలుపుకు మాయమవుతుంది. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి నమూనా అంచులు కత్తిరించినట్టు ఉండవు, సన్నగా అలుక్కుని ఉంటాయి. ఆ లక్షణం రావడానికి నమూనాకు ఒకే దిశలో మూడు నాలుగు పిక్సెళ్ల మోషన్ బ్లర్ ఇవ్వండి. అన్ని వైపులా బ్లర్ ఇస్తే మసకబారినట్టు ఉంటుంది, నేతలా ఉండదు. నమూనా గడి కారు తలుపు ఎత్తులో ఆరో వంతు కన్నా చిన్నగా ఉంటే దూరం నుంచి చూసినప్పుడు కలిసిపోయి బూడిద రంగు మరకలా తయారవుతుంది. కాస్త పెద్దగానే వేయండి.

ఎంత మంచి ఫినిష్ అయినా ఒక్క వెలుతురులో చూసి నిర్ణయించకండి. మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఏటవాలు ఎండ, మబ్బు, నాలుగోది రాత్రి. అసలు గేమ్‌లో పొద్దున 8 నుంచి సాయంత్రం 6 వరకే సమయం ఉంటుంది. రాత్రి కావాలంటే కస్టమ్ షేడర్స్ ప్యాచ్ ఉండాల్సిందే. మాట్ పెయింటు మబ్బులో అద్భుతంగా ఉండి ఎండలో సున్నం కొట్టినట్టు అనిపిస్తే ఎరుపు చానెల్‌ను ఇంకాస్త తగ్గించండి.

తెలుగు అక్షరాలు విరగకుండా

కారు మీద తెలుగు చూడటంలో ఉన్న సంతోషం వేరు. అయితే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, మాట మాటలా ఉండదన్న అనుభవం చాలామందికి ఉంది. పాత ఫోటోషాప్ వెర్షన్లలో టైప్ ప్రాధాన్యాల్లోకి వెళ్లి దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకోకపోతే ఇదే జరిగేది. జింప్‌లో, ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ తెలుగు సరిగ్గానే కలుస్తుంది. నా సలహా ఏమిటంటే అక్షరాల పని మొత్తం ఇంక్‌స్కేప్‌లోనే చేసి, పాత్‌గా మార్చేసి, అప్పుడు పెద్ద సైజు పీఎన్‌జీగా తీసుకోండి. పాత్‌గా మారాక అది అక్షరం కాదు, ఆకారం. ఏ కంప్యూటర్లో తెరిచినా విరగదు.

ఫాంట్లలో గూగుల్ ఫాంట్స్‌లో దొరికే అనేక్ తెలుగు, రామభద్ర కార్లకు బాగా నప్పుతాయి. అనేక్‌లో లావు, వెడల్పు రెండూ విడివిడిగా పెంచుకోవచ్చు. బాగా లావుగా, వెడల్పుగా పెట్టిన అనేక్ తలుపు మీద దిట్టంగా నిలబడుతుంది. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి కాబట్టి స్కిన్‌ను పంచుకున్నా ఇబ్బంది లేదు.

తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు ఉంటాయి. అదే ఎత్తులో ఇంగ్లిషు పెద్దక్షరం నిండుగా కనిపిస్తే, తెలుగు అక్షరం అసలు భాగం సగం ఎత్తులోనే ఉండిపోతుంది. అందుకే ఇంగ్లిషు లోగో పక్కన తెలుగు పెట్టేటప్పుడు ఒకటిన్నర రెట్లు పెద్దది చేయండి. ఒత్తులు లేని పొట్టి మాటలు రేసు కారుకు మేలు: వేగం, మెరుపు, గాలి, పులి. సన్నటి గీతలు పదిహేను మీటర్ల దూరానికే కరిగిపోతాయి. రేసు నంబరు మాత్రం మామూలు అంకెల్లోనే పెట్టండి. ఆన్‌లైన్ రేసుల లీగులో కామెంటరీ చెప్పేవాళ్లు నంబరు చూసే కారును గుర్తుపడతారు. తెలుగు అంకెలను వెనుక అద్దం మూలన చిన్నగా అలంకారంగా వేసుకోవచ్చు.

మన నంబర్ ప్లేటు

కునోస్ కార్లలో ప్లేటుకు సాధారణంగా రెండు ఫైళ్లుంటాయి. ఒకటి రంగుది, రెండోది ఉబ్బెత్తు అక్షరాలను చూపే నార్మల్ మ్యాప్. మొదటిది మాత్రమే మారిస్తే పాత అక్షరాల ఉబ్బు కొత్త అక్షరాల కింద దెయ్యంలా కనిపిస్తూనే ఉంటుంది. రెండోదాన్ని కూడా మార్చాలి. ఉబ్బు అక్కర్లేదనుకుంటే 128, 128, 255 విలువల నీలి ఊదా రంగుతో నింపేస్తే చదునైపోతుంది.

ఐరోపా ప్లేటు 520 బై 110 మిల్లీమీటర్లు. మన హై సెక్యూరిటీ ప్లేటు 500 బై 120. నిష్పత్తి తేడా కాబట్టి మన ప్లేటును అలాగే సాగదీస్తే అక్షరాలు బొద్దుగా కనిపిస్తాయి. ఎత్తు 110కి సరిపెడితే వెడల్పు దాదాపు 458 వస్తుంది, అంటే రెండు పక్కలా చెరో 31 మిల్లీమీటర్లు మిగులుతాయి. ఆ మిగిలిన చోటును నల్ల ఫ్రేమ్‌గా చూపిస్తే చక్కగా సరిపోతుంది, మన షోరూములు వేసే ప్లాస్టిక్ ఫ్రేమ్‌లాగే ఉంటుంది.

సొంత వాహనానికి తెలుపు మీద నలుపు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు, సొంత ఎలక్ట్రిక్ కారుకు ఆకుపచ్చ మీద తెలుపు. ఎడమవైపు పైన అశోకచక్రం హాలోగ్రామ్, దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ. తెలంగాణకు 2024 మార్చి నుంచి టీఎస్ బదులు టీజీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ మొదలైంది. చివరి నాలుగంకెల చోట 0000 వేయండి. అలాంటి నంబరు నిజంగా ఎవరికీ ఇవ్వరు కాబట్టి ఎవరి బండి నంబరూ మీ స్కిన్‌లోకి రాదు.

మిగతా చిన్న మార్పులు

రిమ్ముల రంగు, కాలిపర్ రంగు, సీటు గుడ్డ, ముందు అద్దం పైన బ్యానర్, ఇవన్నీ పైన చెప్పిన పద్ధతే: పేరు కనుక్కో, బయటికి తీయి, మార్చు, అదే పేరుతో పెట్టు. డ్రైవర్ సూటు, గ్లౌజులు, హెల్మెట్ కోసం స్కిన్ ఫోల్డర్‌లో స్కిన్ అనే ఐఎన్ఐ ఫైల్‌లో మార్పు చేయాలి. కారు రంగుతో హెల్మెట్ జత కలిస్తే రీప్లేలో ఎంత తేడా వస్తుందో చూసి తీరాలి.

కొత్త స్పాయిలర్, రూఫ్ ర్యాక్ లాంటి 3డీ భాగాలు కావాలంటే బ్లెండర్‌లో చేసి, గేమ్ మోడల్ ఫార్మాట్‌లోకి మార్చి, షేడర్స్ ప్యాచ్ కాన్ఫిగ్ ద్వారా కారుకు జోడించే వీలుంది. అది చూపుకు మాత్రమే, కారు నడకలో మార్పు రాదు. కారు డేటా ఫైల్‌ను మాత్రం ముట్టుకోకండి. చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో పట్టే లెక్క) కలవక ఆన్‌లైన్ సర్వర్ మిమ్మల్ని బయటికి పంపేస్తుంది.

సేవ్ చేయడంలో జాగ్రత్తలు

సేవ్ చేసేటప్పుడు కంప్రెషన్ రకం అడుగుతుంది: ఆల్ఫా అవసరమైన టెక్స్చర్లకు డీఎక్స్‌టీ5, అవసరం లేనివాటికి డీఎక్స్‌టీ1. మిప్‌మ్యాప్స్ (దూరం నుంచి చూపడానికి వాడే చిన్న సైజు నకళ్లు) తప్పకుండా టిక్ చేయండి, లేకపోతే దూరంగా వెళ్తున్న కారు మీద సన్నటి గీతలు మిణుకుమిణుకుమంటాయి.

సైజు గురించి పట్టింపు అవసరం. 4096 చదరపు టెక్స్చర్ కంప్రెషన్ లేకుండా 64 ఎంబీ. డీఎక్స్‌టీ5లో 16 ఎంబీ, మిప్‌మ్యాప్స్ కలిపితే 21 దాటుతుంది. 24 కార్ల రేసులో అందరూ ఇదే వాడితే ఒక్క బాడీ టెక్స్చర్‌కే 500 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ పోతుంది. 2048 అయితే ఇందులో నాలుగో వంతు. బాడీకి 4096, మిగతా అన్నిటికీ 2048 లేదా అంతకన్నా తక్కువ. సీటు గుడ్డకు 4096 పెట్టడం ఎదుటివాళ్ల కంప్యూటర్‌కు అన్యాయం.

ఒకటి నుంచి పది

పునాది సిద్ధమైంది కాబట్టి రకాలు పుట్టించడం ఇక వేగంగా సాగుతుంది. డీటెయిల్ రంగులు ఐదు, మ్యాప్స్ ఫినిష్‌లు మూడు అనుకుంటే పదిహేను జతలు. అన్నీ విడుదల చేయకండి. షోరూమ్‌లో పక్కపక్కన పెట్టి చూసి, ఒకదానికొకటి స్పష్టంగా వేరుగా ఉన్నవే ఉంచండి. ముదురు నీలం శాటిన్, ముదురు నీలం గ్లాసీ రెండూ జాబితాలో ఉంటే ఆటగాడు ఏది ఎంచుకోవాలో తెలియక విసుగుపడతాడు.

ప్రతి స్కిన్‌కూ మూడు చిన్న ఫైళ్లు కావాలి. ప్రివ్యూ అనే జేపీజీ, 1022 బై 575 సైజులో, కంటెంట్ మేనేజర్ దాన్ని తానే తీసిపెడుతుంది. లివరీ అనే 64 బై 64 పీఎన్‌జీ, కారు పేరు పక్కన కనిపించే చిన్న గుర్తు. మూడోది యూఐ స్కిన్ అనే జేసన్ ఫైల్, అందులో స్కిన్ పేరు, డ్రైవర్ పేరు, జట్టు, దేశం, నంబరు.

మిత్రులతో ఆడేటప్పుడు

మీ స్కిన్ మీ కంప్యూటర్‌లో మాత్రమే ఉంటే మిగతావాళ్లకు మీ కారు మామూలు స్కిన్‌తోనే కనిపిస్తుంది. లీగులో అందరి దగ్గరా అదే ఫోల్డర్, అదే పేరుతో ఉండాలి, సర్వర్ ఎంట్రీ జాబితాలోనూ ఆ పేరే ఉండాలి. అందుకే ఫోల్డర్ పేరు ముందు మీ లీగు పొట్టి పేరు, కారు నంబరు పెట్టండి. మార్పు చేసిన ప్రతిసారీ పేరు మార్చకండి, లోపలి ఫైళ్లు మార్చి అందరికీ మళ్లీ పంపండి. జిప్ చేసి కంటెంట్ మేనేజర్ కిటికీలోకి లాగి వదిలితే తానే సరైన చోట పెట్టుకుంటుంది.

వేరే గేముల నుంచి తీసిన మోడళ్లు, అనుమతి లేని టెంప్లేట్లు, డబ్బుకు అమ్మకం, ఈ మూడింటికీ దూరంగా ఉండండి. టెంప్లేట్ చేసినవారి పేరు రీడ్‌మీలో రాయండి.

పీసీ లేనివాళ్లకు, వేరే గేములు ఆడేవాళ్లకు

ప్లేస్టేషన్ గేమ్ గ్రాన్ టురిస్మో 7లో సొంత లివరీ (కారు ముస్తాబు) ఎడిటర్ ఉంది. గ్రాన్ టురిస్మో వెబ్‌సైట్ ద్వారా ఎస్‌వీజీ డెకాల్స్ (గీతల రూపంలో ఉండే స్టిక్కర్ బొమ్మలు) ఎక్కించుకోవచ్చు, ఒక్కోటి 15 కేబీ లోపు ఉండాలి. పైన చెప్పినట్టు ఇంక్‌స్కేప్‌లో తెలుగు మాటను పాత్‌గా మార్చి, అనవసరమైన నోడ్‌లు (గీతలోని బిందువులు) తగ్గించి, ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేస్తే ఆ పరిమితిలో సులువుగా ఇముడుతుంది. మాట పెద్దదైతే రెండు ముక్కలుగా ఎక్కించి కారు మీద కలపండి. మరో రేసింగ్ గేమ్ ఫోర్జాలో బయటి బొమ్మలు ఎక్కించే దారి లేదు, గేమ్ ఇచ్చే ఆకారాలనే ఒకదాని మీద ఒకటి పేర్చి అక్షరం కట్టాలి. సున్నా, అర్ధచంద్రం ఆకారాలతో తెలుగు అక్షరాలు బాగానే కుదురుతాయి, ఎందుకంటే మన లిపి అంతా వంపులే. అసెట్టో కోర్సా కాంపిటీజియోనే పీసీ వెర్షన్ ఉన్నవాళ్లు డాక్యుమెంట్స్‌లో ఆ గేమ్ కస్టమ్స్ ఫోల్డర్ తెరిచి, లివరీస్‌లో సొంత ఫోల్డర్ చేసి డెకాల్స్, స్పాన్సర్స్ అనే రెండు పీఎన్‌జీలు పెట్టి, కార్స్ ఫోల్డర్‌లోని మీ కారు జేసన్ ఫైల్‌లో ఆ ఫోల్డర్ పేరు రాయాలి, వాటి మెరుపు ఎలా ఉండాలో పక్కనే ఉండే జేసన్ ఫైళ్లు నిర్ణయిస్తాయి.